గజ్జెల మోత తగ్గించిన మాస్టారు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నర్సీపట్నం బస్టాండు వీధిలో, మందుల షాపు పైన మా క్లినిక్. నేను ఆడియాలజిస్టుని. చెవికి మందులు రాసే డాక్టర్ని కాదు, ఎంత వినబడుతోందో కొలిచే మనిషిని. ఈ తేడా చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చేసింది.

ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చి మాస్కు తీశారు. చూడగానే గుర్తుపట్టాను. బలిఘట్టంలో పుట్టి, హైదరాబాదులో సినిమాలకు పాటలు కట్టి, సొంత స్టూడియోలో ఎందరి చేతో ఆల్బమ్‌లు చేయించి, అవార్డులందుకున్న సంగీత దర్శకుడు. మా ఇంటిల్లిపాదికీ ఆయన పాటలంటే ప్రాణం.

"హైదరాబాదులో సూపించుకుంటే సాయంత్రానికి అందరికీ తెలిసిపోద్దమ్మా. సెవులు పోయినోడికి పాటలెవులిస్తారు? బేగి సూసి సెప్పు," అన్నారు.

గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చాను. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. దాన్నిబట్టి వచ్చే గీతని ఆడియోగ్రామ్ అంటాం. ఆయన గీత ఇరవై ఏళ్ళ వాడి గీతలా వచ్చింది. సంతోషించబోతూ ఆయన కాలు చూశాను. బొటనవేలు నేలమీద తాళం వేస్తోంది. నేను శబ్దానికీ శబ్దానికీ మధ్య ఒకే ఎడం ఇచ్చి పంపుతున్నాను. ఆయన ఆ లయ పట్టేసి, వినబడకపోయినా నొక్కేస్తున్నారు. మోసం కాదు, ఆయన చేతికి అదే అలవాటు.

ఈసారి ఎడం మార్చి మార్చి పంపాను. హై ఫ్రీక్వెన్సీకి, అంటే గజ్జెల్లాంటి సన్నని మోతల దగ్గరికి వచ్చేసరికి బటన్ కదల్లేదు.

"మిషను ఆగిపోయిందేటమ్మా?"

"లేదు మాస్టారూ, నడుస్తోందండీ."

ఆయన హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నరం దెబ్బతిందనీ, మందులతో తిరిగి రాదనీ చెప్పాను. హియరింగ్ ఎయిడ్ సంగతి ఎత్తితే చెయ్యి అడ్డంగా ఊపారు.

"మా సౌండ్ ఇంజినీరు మొత్తుకున్నాడమ్మా, నేను పెంచిన గజ్జెలు సెవులు కోసేస్తన్నాయని. నీకే సెవుల్లేవన్నాను. ఎన్నో ఏళ్ళ నేస్తం, పంపించేసాను."

ఆ సాయంత్రం ఒక కొత్త పాట నిర్మాతకి పంపాలట. ల్యాప్‌టాప్ తీసి వినిపించారు. "గజ్జెలెలాగున్నాయో నిజం సెప్పు."

అబద్ధమాడాలనిపించినా నిజమే చెప్పాను. "గుచ్చుకుంటున్నాయండీ."

తగ్గించారు. "ఇప్పుడో?"

"ఇంకొంచెం."

మళ్ళీ తగ్గించారు. ఎవరో దూరం నుంచి నడిచొస్తున్నట్టు గజ్జెలు మెత్తగా మోగాయి. "బాగున్నాయి మాస్టారూ."

ఆయన స్పీకరుకి చెవి ఆనించి చాలాసేపు విన్నారు.

"నాకిప్పుడు అసల్లేవమ్మా," అని, పాట అలాగే పంపించేశారు.

అప్పట్నుంచి నేను ఎవరికీ ఒకే ఎడంతో శబ్దాలు పంపను. రిపోర్టు ఇచ్చేముందు, ఏ మోత వినబడక బాధపడుతున్నారని అడుగుతాను. ఆ పాట ఇప్పుడు మా ఊరి ఆటోల్లో మోగుతోంది. గజ్జెలు భలే కుదిరాయని అందరూ అంటారు. ఆ చోటు రాగానే నాకు ఏడుపొస్తుంది.