బసవరాజు సంచిలో పదకొండు పాసుబుక్కులు

బ్యాంకు గడప తొక్కాలంటే జంకేవాళ్ల కోసమే బ్యాంకువాళ్లు బసవరాజును పెట్టుకున్నారు. ఎనభైల్లో, ఉప్పల్ ఇంకా ఊరుగానే ఉన్న రోజుల్లో, అక్కడి శాఖకు అతను డిపాజిట్ ఏజెంటు. జీతం లేదు, వచ్చిందల్లా కమీషనే. చిల్కానగర్ నుంచి నాచారం ఫ్యాక్టరీ గేట్ల దాకా సైకిల్ మీద తిరిగి, రూపాయీ రెండూ వసూలు చేసి, పాసుబుక్కుల్లో రాసి, సాయంత్రం శాఖలో కట్టేవాడు. ఏనాడూ పైసా తేడా రాలేదు. ఆ ముక్క అడగకపోయినా చెప్పేవాడు.

పాసుబుక్కు ఖాతాదారు దగ్గరే ఉండాలని రూలు. రూలు రాసినవాళ్లకు ఆడవాళ్ల సంసారాలు తెలియవు. ఇంట్లో పెడితే మొగుడి కంట పడుతుందని పదకొండు మంది తమ పుస్తకాలు బసవరాజు సంచిలోనే దాచుకున్నారు. మిర్చిబజ్జీలు అమ్మే సారలమ్మ వాళ్లలో ఒకతె. కిరాయి బండి వదిలించుకుని సొంత బండి కొనాలని రోజూ రెండు రూపాయలు కట్టేది. మొగుడు కొమురెల్లికి తెలిస్తే అదంతా కల్లు కాంపౌండు పాలే.

ఎక్కడో ఒక ఏజెంటు, పుస్తకాలు తన దగ్గరే పెట్టుకుని జనం సొమ్ము కాజేశాడట. దాంతో పైఆఫీసు నుంచి రామ్మోహనరావు అనే ఆఫీసరు తనిఖీకి దిగాడు. బసవరాజు సంచి చూడగానే ఆయన మొహం మాడిపోయింది. చేతికందిన పుస్తకం లాగాడు. అది సారలమ్మది.

"ఈ ఖాతా నాదేనని ఈవిడ నోటితో చెప్పాలి. చెప్పకపోతే మీ ఏజెన్సీ రద్దు. పదండి!" అన్నాడు.

ఇంటి ముందు మంచం మీద కొమురెల్లి కూర్చునున్నాడు. పిండి చేతులతో బయటికొచ్చిన సారలమ్మ, ఆఫీసరు చేతిలో పుస్తకం చూసి కొయ్యబారిపోయింది. బసవరాజుకు తన ఇంట్లో నలుగురి తిండి గుర్తొచ్చింది. అయినా నోరు మరోలా తిరిగింది.

"ఇల్లు తప్పినం సార్. ఈమె గాదు."

ఆఫీసరు రద్దు రాయడానికి పెన్ను తీశాడు.

"గా మనిషిని నేనే సారూ!" అంది సారలమ్మ. "రెండేండ్ల సంది రోజు గడ్తున్న. బుక్కు దాయమన్నది గూడ నేనే. బసవరాజన్న తప్పేం లేదు."

ఏజెన్సీ నిలిచింది. మర్నాడే కొమురెల్లి పెళ్లాన్ని బ్యాంకుకు తీసుకొచ్చాడు. ఆమెకు రాయడం రాదు కాబట్టి డబ్బు తీసే ఫారం బసవరాజే నింపాల్సి వచ్చింది. ఆమె వేలిముద్ర వేసింది. నోట్లు కొమురెల్లి జేబులోకి వెళ్లాయి.

"నీ పని నిలవడ్డది గద అన్నా. బండి ఎన్నడన్న కొనొచ్చు తియ్యి," అంది సారలమ్మ వెళ్తూ.

ఆ నెల కమీషను అందుకుంటుంటే బసవరాజుకు సిగ్గుతో తల పైకి లేవలేదు.