వంగనారుకు రెండడుగులు

ఈ ఉదయం బావ పెరట్లో వంగనారు నాటుతూ నేనొక తప్పు చేశాను. దాని మీద ఒక అబద్ధం కూడా ఆడాను. బావ అంటే మా అక్క భర్త. గోదావరిఖనిలో వాళ్ల ఇంటి వెనక నాలుగు బోదెలకు సరిపడా జాగా ఉంది. ఆయన ఎడమ కాలు మడవలేడు కనుక నారు పెంచడం ఆయన పని, నాటడం నాది. ముసురు తెరిపిచ్చి ఎండ చురుక్కుమంటోంది, నారు చూస్తే చేతినిండా ఉంది. పారేయబుద్ధి కాలేదు. గోడకు ఆనించిన కొలబద్దను ముట్టుకోకుండా జానెడుకొకటి చొప్పున గుచ్చేశాను. లోపలినుంచి బావ, "కొలిచి పెడుతున్నవా బామ్మర్ది?" అని కేకేశాడు. "కొలిచే పెడుతున్న బావా" అన్నాను. ఇదే ప్రశ్నకు ఇదే జవాబు ఇరవై రెండేళ్ల కిందట బొగ్గుగనిలో చెప్పాను.

ఆ కొలబద్ద నాలుగడుగుల చెక్క. సరిగ్గా నడుమ కత్తిగాటు. గనిలో కప్పు కూలకుండా నిలబెట్టే కర్ర దిమ్మెకూ దిమ్మెకూ మధ్య బద్ద పొడవంత, ఇంటికొస్తే వంగమొక్కకూ మొక్కకూ మధ్య గాటుదాకా. డ్యూటీ దిగి ఒంటి మీది బొగ్గు కడుక్కోకముందే బావ దానితో బోదెలు కొలిచేవాడు. బెండకు అడుగు, మిర్పకు మూర, వంగకు రెండడుగులు. సొరగింజ పెట్టిన చోటికైతే అక్కను కూడా రానిచ్చేవాడు కాదు. "చెట్టుకు గాలాడాలె. ఆకు ఆకు ఒత్తుకుంటే పురుగులకు దావతే" అనేవాడు.

ఆ రోజు రెండో షిఫ్టు. బావ కాస్త వెనక పాత దిమ్మెలు బిగిస్తున్నాడు, కొత్తవి నిలబెట్టేది నేను. నా దగ్గర ఒక్క దిమ్మే మిగిలింది. బద్ద పెట్టి చూస్తే ఇంకోటి కావాలి, దాన్ని చాలా దూరం నుంచి భుజాన మోసుకురావాలి. బద్ద చివర నుంచి ఇంకో రెండు జానలు అవతలికి జరిపి, ఉన్న ఒక్కదాన్నే నిలబెట్టాను. "కొలిచినవా?" అన్నాడు బావ. చీకట్లో ముఖం కనబడలేదు, టోపీ మీది దీపం మాత్రం నా వైపు తిరిగింది. "కొలిచిన" అన్నాను. ఆయన నమ్మి ఆ కప్పు కిందికి వచ్చాడు. మొదట ఇసుకలాంటిదేదో మెడ మీద రాలింది. తర్వాత పైన ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు. "జరుగు!" అంటూ నన్ను నెట్టాడు. బండ ఆయన కాలి మీద పడింది. దిమ్మెలూ పడిపోయాయి, ఇక కొలవడానికి ఏమీ మిగల్లేదు. దవాఖానకు వచ్చిన ప్రతివాళ్లతో బావ, "నేనే జల్ది జరగలేకపోయిన" అనేవాడు. నేను పక్కన కూర్చుని దానిమ్మ ఒలుస్తూ విన్నాను.

ఈ సాయంత్రం ఆయన కుంటుకుంటూ పెరట్లోకి వచ్చాడు. "ఏంది బామ్మర్ది గిది? నారు నాటినవా, ప్యాసింజర్ బండిల జనాన్ని కుక్కినవా?" అక్క పక్కున నవ్వింది. నేనూ నవ్వితే అక్కడితో అయిపోయేది.

"బద్ద ముట్టలేదు బావా. అబద్ధం చెప్పిన. గా రోజు గనిల గూడ అబద్ధమే చెప్పిన. రెండు జానలు ఎక్కువ పెట్టిన."

అక్క నవ్వు ఆగిపోయింది. బావ నా వైపు చూడలేదు. "కాలు పోయినందుకు కాదుర నా బాధ" అన్నాడు. "జల్ది జరగలేని మొద్దునని ఇన్నేండ్లు నన్ను నేనే తిట్టుకున్న. అది నీకు ఇనవడలేదా?"

వినబడింది. ప్రతిసారీ వినబడింది. అదే చెప్పాను. ఆయన లోపలికి వెళ్లిపోయాడు, అక్క ఆయన వెంటే.

బోదెలకు నీళ్లు పెట్టి, మట్టి మెత్తబడ్డాక మొక్కలన్నీ వేళ్లు తెగకుండా పెకలించాను. బద్ద పరిచి, గాటుదాకా కొలిచి ఒక్కొక్కటే మళ్లీ నాటాను. మిగిలిన నారును తడిగోనెలో చుట్టి నీడన పెట్టాను. తలెత్తేసరికి బావ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. బద్ద అందించబోయాను. తీసుకోలేదు. "గాడనే పెట్టు. పొద్దుగాల మల్ల నేనే కొలుస్త" అన్నాడు.

నాటిన రెండు నెలలకు వంగ కాస్తుంది. కొలవకుండా నా మాట నమ్మడానికి బావకు ఎన్ని కాపులు పడతాయో నేను అడగలేదు.