తెలిసినావిడ

చావు ఇళ్ళలో ఆడవాళ్ళు రాగం తీసి, పోయిన మనిషి మంచీ చెడూ చెప్పుకుంటూ ఏడుస్తారు. ఆ ఏడుపులను సేకరించడం, రాసిపెట్టడం, వాటి గురించి తరగతిలో చెప్పడం నా వృత్తి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేశాను. ఒక మనిషికి నేనే ఏడవాల్సిన రోజు వచ్చినప్పుడు ఏం చేశానో రాస్తున్నాను.

నేను మొదట చదివింది జానపదం కాదు, అమెరికా అధ్యయనాలు. అక్కడి పత్తి చేలలో నల్లవాళ్ళు పాడుకున్న పాటల మీద పరిశోధన చేశాను. మాది పత్తి, మిరప పండించే కుటుంబమే. కానీ మా చేలోకి కూలీలు దిగుతుంటే గట్టు మీద నిలబడి చూడటమే నాకు తెలుసు. ఆ పరిశోధన మీద ఒక ఏడాది అమెరికాలో ఉన్నాను. పాత రికార్డులు భద్రపరిచే గదిలో పనిచేసే పెద్దాయన ఒకరోజు నా ఊరి సంగతులు అడిగి, మాదీ పత్తి పండే నేలేనని తెలుసుకుని, "మరి మీ దగ్గర పత్తి తీసేవాళ్ళు ఏం పాడతారు?" అన్నాడు. నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆయన మర్యాదగా తలూపి తన పనిలో పడ్డాడు. తిరిగి వచ్చాక జానపదంలోకి మారాను. పెద్ద కారణమేమీ లేదు, ఆ ప్రశ్నకు సిగ్గుపడటమే.

పాటల కోసం తిరుగుతూ ప్రత్తిపాడు దాటాక ఒక ఊళ్ళో ఆమెను కలిశాను. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి వెళ్ళే ఆడకూలీల ముఠాకు ఆమె పెద్ద. అప్పటికి యాభై దాటి ఉంటాయి. పాటలు అడిగితే రెండు మూడు పాడి, "ఇయ్యి అందరికీ వచ్చు. నాకు బాగా వచ్చింది ఏడుపు. చుట్టుపక్కల ఎవరు పోయినా నాకు కబురొచ్చిద్ది" అంది.

టేప్ రికార్డర్ బయటికి తీశాను. ఆమె కొట్టినంత పని చేసింది.

"ఏందమ్మాయ్, చచ్చినోళ్ళు లేకుండా ఇంట్లో ఏడవమంటావా? నా ఇంటికి ఏం కోరుకుంటున్నావు నువ్వు?"

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ సంగతి లేదు. చావు లేని ఇంటి కప్పు కింద ఏడవకూడదు. వారం తర్వాత ఆమే నన్ను ఊరి బయటికి, పత్తి తీసేసిన చేలోకి తీసుకెళ్ళింది. ఎండలో, మోళ్ళ మధ్య కూర్చుని, మొగుడికి ఏడ్చినది, తల్లికి ఏడ్చినది, పురిట్లో పోయిన కోడలికి ఏడ్చినది, ఒకటొకటిగా చెప్పింది. నేను ప్రత్తిపాడు బస్సు ఎక్కి అలా చాలా ఏళ్ళు వెళ్ళాను. ముఠాలో ఆడవాళ్ళు నన్ను చూసి, "వచ్చిందే మేడం, ఏడుపు నేర్చుకుంటానికి. మా కాడికి రానక్కర్లేదమ్మా, పెళ్ళి చేసుకో చాలు" అని నవ్వేవాళ్ళు.

ఒకసారి వాళ్ళందరి ముందు, తన కూతురి ముందు, ఆమె నన్ను అడిగింది. "ఇన్ని ఏడుపులు నీకిచ్చా. నేను పోయిన్నాడు నువ్వొచ్చి ఒకటి ఏడవాలి."

"నాకు రాదండీ" అన్నాను.

"రాదంటే? ఇన్నాళ్ళ బట్టీ ఏం నేర్చుకున్నావు మరి?"

"సరేనండీ. వస్తాను."

"రావటం కాదు. ఏడవాలి. శవాన్ని ఎత్తకముందే."

సరేనన్నాను. కూతురు నవ్వింది కానీ ఆమె నవ్వలేదు.

ఆమె చెప్పగా తెలిసిన విషయం ఇంకొకటి ఉంది. ఏడుపు పిలుపుతో మొదలవుతుంది. అమ్మా, వదినా, అత్తా, అక్కా. పోయిన మనిషి మనకు ఏమవుతారో ముందు అనాలి, ఆ తర్వాతే మిగతా మాటలు వస్తాయి. ఈ సంగతి మీద నేను ఒక పెద్ద వ్యాసం రాశాను. కానీ అన్ని ఏళ్ళలో ఆమెను నేను ఏ పిలుపుతోనూ పిలవలేదు. "ఏమండీ" అని మొదలుపెట్టేదాన్ని. మా ఇళ్ళలో కూలికి వచ్చేవాళ్ళను, వయసు ఎంతైనా, పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఆమెను అలా పిలవకుండా ఉండటం నేర్చుకున్నాను. వేరే విధంగా పిలవడం నేర్చుకోలేదు.

విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రార్ పదవి ఖాళీ అయినప్పుడు ఇన్‌ఛార్జిగా మూడు నెలలు చూడమన్నారు. ఆరేళ్ళయింది. ప్రతి ఏడాదీ రెండుసార్లు, నన్ను తప్పించి శాఖకు పంపమని ఉత్తరం రాశాను. ఆ ఉత్తరాలు మళ్ళీ ఫైలుగా మారి నా బల్ల మీదికే వచ్చేవి, ఎందుకంటే అలాంటి ఉత్తరాలన్నీ రిజిస్ట్రార్ ద్వారానే పైకి వెళ్ళాలి. మొదట నవ్వుకునేదాన్ని. తర్వాత ఉత్తరాలు రాయడం మానేశాను. అమెరికా అధ్యయనాల కేంద్రంలో చేరేవాళ్ళు లేరని దాన్ని మూసే ఉత్తర్వు మీద సంతకం పెట్టింది నేనే. నా దగ్గర పరిశోధన చేస్తున్న చివరి విద్యార్థిని వేరే ఆచార్యులకు అప్పగించే కాగితం మీదా నేనే. చివరి రెండేళ్ళూ ఆమె ఊరికి వెళ్ళలేదు. ఆరోగ్యం బాగాలేదని తెలుసు. నలభై నిమిషాల దారి. ఆదివారం వెళ్దామనుకునేదాన్ని.

మార్చిలో ఒక పొద్దున ఆఫీసుకు వెళ్ళిన అరగంటకు అమ్మాయిల హాస్టలు విద్యార్థినులు ఖాళీ బకెట్లతో వచ్చి, పరిపాలనా భవనం గ్రిల్ గేటుకు తాళం వేసి, మెట్ల మీద కూర్చున్నారు. బోరు మోటారు కాలిపోయి నాలుగు రోజులు. కొత్త మోటారు ఫైలు వారం కిందటే, పాతది ఆగిపోతుందని వార్డెన్ రాసినప్పుడే, నా దగ్గరికి వచ్చింది. దాని మీద నేను "చర్చించాలి" అని రాసి కింద సంతకం పెట్టాను. ఎవరితో చర్చించాలో రాయలేదు. వైస్ ఛాన్సలర్ విజయవాడలో సమావేశంలో ఉన్నారు.

గేటు దగ్గరికి వెళ్ళి సర్ది చెప్పబోయాను. ముందు కూర్చున్న పిల్ల లేచింది.

"మాది కనిగిరి వైపు మేడం. నీళ్ళు లేకపోటం మాకు కొత్తేం కాదు. మా ఊళ్ళో రోజు మార్చి రోజన్నా ఇస్తారు. ఇక్కడ మీరు చర్చిస్తున్నారంటగా!"

అందరూ బకెట్లు వాయించారు. వాళ్ళు చేసినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. వెనక్కి వచ్చి కూర్చున్నాను.

పదకొండింటికి ఫోను వచ్చింది. ఆమె కూతురు.

"మేడంగారూ, అమ్మ పోయింది. తెల్లారగట్ట. ఎండ కదా, మధ్యానం రెండింటికి తీస్తారంట. మీరొస్తారని అమ్మ అంటా ఉండేది. అందుకే చేశా."

"వస్తున్నాను" అన్నాను.

మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాను. గంటన్నర బయటికి వెళ్ళి రావాలని, ఒకరు చనిపోయారని చెప్పాను. బకెట్ల చప్పుడు ఆగిపోయింది. కనిగిరి పిల్ల ముఖం మారింది.

"అయ్యో. ఎవరు మేడం? మీకేమవుతారు?"

ఇక్కడ అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు. పిన్ని అన్నా, అత్త అన్నా ఊళ్ళలో అది అబద్ధం కాదు. నేను మాత్రం క్షేత్ర నివేదికలో రాసేటప్పుడు ఆలోచించినట్టు ఆలోచించాను. రక్త సంబంధం లేదు. స్నేహితురాలు అనడానికి ఆమె నాతో సమానంగా ఎప్పుడూ కుర్చీలో కూర్చోలేదు. సరైన మాట కోసం వెతికి, "తెలిసినావిడ" అన్నాను.

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వెనక ఎవరో, "తెలిసినావిడేగా, రేపెళ్ళి పలకరించొచ్చు" అంది. ఇంకొకతె, "పోయినసారి తాళమేసినప్పుడు వీసీ సార్ కూడా పెళ్ళని చెప్పి పోయాడు, మళ్ళీ వచ్చాడా?" అంది. కనిగిరి పిల్ల ఇబ్బందిగా గేటు పట్టుకుని నిలబడింది.

"దగ్గరోళ్ళయితే ఇప్పుడే తీసేవాళ్ళం మేడం. ఒట్టు."

తల ఊపి వచ్చేశాను. ఇంకోసారి వెళ్ళి ఇంకో మాట చెప్పవచ్చు. ఆ రోజంతా అదే అనుకుంటూ కుర్చీలో ఉన్నాను. కాళ్ళు కట్టేసినవాళ్ళెవరూ లేరు. ఇప్పుడు మాట మారిస్తే ఆ పిల్లలు నన్ను అబద్ధాలకోరనుకుంటారని భయం. ఆ భయం ఎంత చిన్నదో అప్పుడు కూడా తెలుసు.

రెండింటికి మళ్ళీ ఫోను. వెనక డప్పులు. "ఇంకో అరగంట ఆగమన్నా మేడంగారూ. దారిలో ఉన్నారా?"

"బయల్దేరబోతున్నాను" అన్నాను.

కూతురు ఫోను పెట్టేసింది. మళ్ళీ చేయలేదు.

నాలుగున్నరకు కొత్త మోటారుతో లారీ వచ్చింది, వైస్ ఛాన్సలర్ ఫోనులో మాట ఇచ్చారు, తాళం తీశారు. నేను వెళ్ళేసరికి పూడ్చి వచ్చి, స్నానాలు చేసి, ఆడవాళ్ళు వాకిట్లో చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆలస్యంగా వచ్చిన ఆడమనిషి వీధి మలుపు దగ్గరే ఏడుపు ఎత్తుకోవాలి. అది విని ఇంట్లోవాళ్ళు లేచి ఎదురొచ్చి, పట్టుకుని, మళ్ళీ ఏడుస్తారు. ఇదీ నా వ్యాసంలో ఉంది. నేను కారు దిగి మాట లేకుండా నడిచి వెళ్ళాను. ఎవరూ లేవలేదు. కూతురు లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

కుర్చీలో కూర్చున్నాను. వాళ్ళు నన్ను చూస్తున్నారు. మాట ఇచ్చిన సంగతి అక్కడ సగం మందికి తెలుసు. ఎలాగో గొంతు సవరించుకుని ఎత్తుకున్నాను.

"పొద్దుగూకేవేళ కల్లానికి పోతివే... మబ్బు పట్టిందని పట్టాలు కప్పితివే... ఈ కల్లం కాపలా ఇంకెవరు కాస్తారే..."

రాగం సరిగ్గానే వచ్చింది. చాప మీద ముసలావిడ ఒకతె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగమ్మాయ్. కల్లం కాపలా ఆమె ఎప్పుడు కాసింది? అది వాళ్ళాయనకి ఏడ్చిన ఏడుపు గదా."

నిజమే. ఆమె మొగుడికి ఏడ్చినది. నా దగ్గర రాసి ఉన్నవాటిలో అన్నిటికన్నా బాగా గుర్తున్నది అదే. ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆపుకోలేక ఒకామె తల తిప్పుకుంది.

"పోన్లే పెద్దమ్మా, ఏదో ఒకటి" అంది కూతురు.

అప్పుడు చెప్పాను. తాళం వేశారని, అడిగితే తీసేవాళ్ళేనని, ఏమవుతారని అడిగితే తెలిసినావిడ అన్నానని. ఎందుకు చెప్పానో తెలియదు. ఎవరూ అడగలేదు.

కూతురు నా వైపు చూడకుండా చాప అంచు సర్దింది. "అత్తంటే సరిపోయేది. ఎవరొచ్చి అడుగుతారు?"

"ఆ కుర్చీలో కూర్చుంటే ఏడుపెట్టా వచ్చిద్ది?" అంది ముసలావిడ. "కిందకి రా. మళ్ళీ ఎత్తుకో. ఈసారి ఆమెది."

దిగి చాప మీద కూర్చున్నాను. "అత్తా" అన్నాను. తర్వాతి మాట రాలేదు. ఆమె నాకు చెప్పినవన్నీ ఆమె వేరేవాళ్ళకు ఏడ్చినవి. ఆమె గురించి నేను చెప్పాల్సిన మాటలు ఎవరూ నాకు చెప్పి ఉంచలేదు. వాళ్ళు ఓపికగా చూశారు. ముసలావిడ నా మోకాలి మీద తట్టింది. అయినా రాలేదు.

చివరికి కూతురే అందుకుంది. ఇంటికి ఎవరొచ్చారో పోయిన మనిషికి చెప్పడం ఆనవాయితీ. "చూడవే అమ్మా ఎవరొచ్చారో... నువ్వెదురుచూసిన మేడం వచ్చిందే... నిన్ను మట్టిలో పెట్టినాక వచ్చిందే..." అని ఏడ్చింది. మిగతా ఆడవాళ్ళు కలిశారు. అంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంది. ఏడుపులో మాత్రం, చివరిదాకా, నన్ను మేడం అనే అంది.