స్పీకర్‌లో ఆమెన్

కరోనా రోజుల్లో కార్వేటినగరంలో మా చర్చి మూసేశారు. ఆదివారం ఆరాధన ఫోన్ కాన్ఫరెన్సులో జరిగేది. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పని పోయాక మా ఆయన మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడు. చర్చి సంఘంలో అక్కలాంటి సుగుణమ్మకు మాత్రమే చెప్పి ఏడ్చాను. "నా కడుపులోనే దాచుకుంటా పాపా" అనింది.

ఆ ఆదివారం ప్రార్థన చేసే వంతు ఆమెదే. స్పీకర్ పెట్టి, నేనూ మా ఆయనా మోకరించాం.

"తండ్రీ, మా సహోదరి కమల మొగుడు మళ్లా తాగతా ఉండాడు, విడిపించయ్యా!"

ఫోన్‌లో ఒక్కొక్కరే "ఆమెన్" అన్నారు. అందులో మా అత్త గొంతూ ఉంది. మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

చర్చి తెరిచాక సుగుణమ్మ నా చేయి పట్టుకుంది. "నీ కోసరం ఇంకా ప్రార్థన చేస్తానే ఉండా పాపా."

చేయి విడిపించుకున్నాను. "నా సంగతి దేవుడికి నేనే చెప్పుకుంటా. నువ్వు చెప్పొద్దక్కా."