రాణీరంగు గోడ

కెరటాలు బావుంటాయని ఫోన్లో యాప్ చూపించిన రోజు నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతాను. తెల్లారీ తెల్లారకుండానే పెరట్లోకెళ్ళి దండెం మీది మా అక్క చీర కేసి చూస్తాను. చీర సముద్రం వైపు ఎగిరితే పడమర గాలి. అప్పుడు కెరటం నిటారుగా లేచి, కాస్త ఆగి, ఒక పక్క నుంచి విరుగుతూ వస్తుంది. చీర ఇంటి వైపు ఎగిరితే తూర్పు గాలి, నీళ్ళన్నీ కలగాపులగం, వెళ్ళినా దండగే. అసలు కదలకపోయిందా, ఇక నా చిరాకు చూడాలి. వెళ్ళడం, చూడడం, రావడం, మళ్ళీ వెళ్ళడం.

"నువ్వలా గుడ్లురిమి చూస్తే చీర ఎగురుతుందేంటే? ఆ చూసేదేదో పొయ్యి మీద పాలు చూడు" అంటుంది అక్క వంటగదిలోంచి.

మేం ఉండేది కాకినాడ అవతల, బీచ్ రోడ్డుని సముద్రం ఏటా కొరుక్కుతినే చోట. మాది వేటకెళ్ళే కుటుంబం. నాన్న పోయాక వేటకెళ్ళేవాళ్ళు మిగల్లేదు. అక్క చేపలమ్ముతుంది. నేను కాకినాడలో ఓ బ్లడ్ టెస్టుల ల్యాబులో పనిచేస్తాను. వైజాగ్‌లో చదువుతున్నప్పుడు సర్ఫింగ్ పిచ్చి తలకెక్కి, వస్తూ వస్తూ ఓ సెకండ్ హ్యాండ్ బోర్డు పట్టుకొచ్చాను. అక్క దాన్ని చెక్క అంటుంది. అది చెక్క కాదు మొర్రో అంటే, చాల్లే సంబడం అంటుంది.

మా దగ్గర పగడాల దిబ్బలూ అవీ ఏం లేవు. ఉన్నవల్లా రాళ్ళు. ఒడ్డు కోసుకుపోకుండా ఎప్పుడో పోసిన బండరాళ్ళు సముద్రంలోకి జారిపోయాయి. వాటి కింద సముద్రం మింగేసిన మా వెనక వీధి ఉంది, ఆ ఇళ్ళ పునాదులున్నాయి. ఆ గుట్ట దగ్గరకొచ్చేసరికి కెరటం కాలికేదో తగిలినట్టు లేచి నిలబడుతుంది. నీళ్ళు బాగా దిగిపోతే రాళ్ళు పైకి తేలి మోకాళ్ళు చెక్కుకుపోతాయి. పోటు సగం ఎక్కాక వెళ్ళాలి. వెళ్ళినా సరిగ్గా ఆ చోటే కూచోవాలి. కాస్త అటైనా ఇటైనా కెరటం కిందనుంచి జారిపోతుంది.

మరి నీళ్ళలో చోటు తెలిసేదెలా? వేటకెళ్ళేవాళ్ళు ఒడ్డు మీద రెండు గురుతులు పెట్టుకుంటారు, దగ్గర్లో ఒకటి, దూరంగా ఒకటి. రెండూ ఒక వరసలోకొస్తే చోటు దొరికినట్టే. నాన్న గురుతులే నావీను. దూరంగా ఊరి వాటర్ ట్యాంకు, దగ్గర్లో మా వంటగది గోడ. వెనక వీధి పోయి మా గోడ సముద్రానికి ఎదురుపడ్డ ఏడు, నాన్న దానికి రాణీరంగు వేయించాడు. పెళ్ళివారిల్లా అని ఊరంతా నవ్వారు. పడవ మీంచి కనబడాలి కదా అన్నాడాయన.

పోయినేడు పెరట్లో స్నానాలగది పోయింది. పెద్దాపురంలో మా మేనత్త వచ్చేయండర్రా అని రోజూ పోరుతోంది. అక్క వినదు. "ఆ గోడ ఉన్నన్నాళ్ళూ ఇక్కడే. అది పోయిన్నాడు చూద్దాం" అంటుంది. రోజూ పడుకోబోయే ముందు దానికి అరచెయ్యి ఆనించి, తడి ఎంతవరకు ఎక్కిందో చూసుకుంటుంది. నేనా పక్కనే పడుకుని రేపు పెద్ద కెరటాలు రావాలని కోరుకుంటాను. సిగ్గుగానే ఉంటుంది. సిగ్గుపడితే మాత్రం కోరిక ఆగుతుందా?

ఆ ఆదివారం ఫోన్ చూడక్కర్లేకపోయింది. రాళ్ళ మీద కెరటం పడే మోతకి వంటగదిలో గిన్నెలు కదుల్తున్నాయి. చీర సముద్రం వైపు బిగదీసుకుని ఎగురుతోంది. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇవాళొద్దే. పోటు పెద్దది. సామాను వీధిలోకి సర్దుదాం, కాస్త సాయం పట్టు."

"గంటలో వచ్చేస్తానక్కా" అన్నాను. అప్పటికే బోర్డు చంకలో ఉంది.

ఒక్కటి పట్టుకుని వచ్చేద్దామనే వెళ్ళాను. పట్టుకున్నాను. అమ్మో, ఏం కెరటమది! ఒడ్డు దాకా కాళ్ళ కింద వణుకుతూనే ఉంది. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? ఇంకోటి, మరోటి. పోటు ఎక్కుతూనే ఉంది, నేను ఈదుతూనే ఉన్నాను.

ఓసారి వెనక్కొచ్చి గురుతులు చూసుకుంటే ట్యాంకు ఉంది, రాణీరంగు కనబడలేదు. కొట్టుకుపోయాననుకున్నాను. ఉత్తరానికి ఈదాను, లేదు. దక్షిణానికి ఈదాను, లేదు. నా మొహం మండా, ఇన్నాళ్ళూ తిరిగిన చోటు తెలీదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఎండ నేరుగా ఒడ్డు మీద పడుతోంది. పక్కింటి రేకుల కప్పు స్పష్టంగా కనబడుతోంది. దాని పక్కన మా ఇంట్లోని దేవుడి పటాలు కనబడుతున్నాయి, వీధి గుమ్మం కనబడుతోంది. సముద్రంలోంచి మా ఇంటి లోపల ఎలా కనబడుతుంది?

నేను చోటు తప్పలేదు. గోడే లేదు.

అక్క వంటగదిలో ఉంటుంది ఈ వేళకి. అప్పుడే వెనక కెరటం లేచింది, ఆ రోజు వచ్చినవాటన్నిట్లోకీ పెద్దది. ఇన్నాళ్ళూ దేనికోసం చీర కేసి చూశానో అదే. నిలబడాలని కూడా తోచలేదు. బోర్లా పడుకుని, రెండు చేతులా బోర్డు పట్టుకుని, అక్కా అక్కా అని అరుస్తూ ఒడ్డుకొచ్చి పడ్డాను.

వీధిలో గ్యాస్ బండ మీద కూచునుంది అక్క, ఒళ్ళో కుక్కరు పెట్టుకుని. చీర మోకాళ్ళ దాకా తడిసింది. మోచెయ్యి దోక్కుపోయింది. అంతకుమించి ఏం కాలేదు. ఆవిడ కాళ్ళు పట్టుకుని భోరుమన్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బావుండుననుకున్నాను. నా నెత్తి మీది ఇసుక దులిపింది.

"నీ కెరటం దొరికిందా?"

"దొరికింది."

"పెద్దదేనా?"

తలూపాను.

కూలిన గోడ కేసి చూసి కుక్కరు కింద పెట్టింది.

"అత్తకి ఫోన్ చెయ్యి. వస్తున్నామని చెప్పు" అంది. "ఆ చెక్కకి కూడా కాస్త చోటుంచమను."