నలగని నిమ్మకాయ

నా జీపుకు బ్రేకులు మార్చిన పుంగనూరు మెకానిక్ భాయ్ పోయాడని పోయిన శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. చేసింది ఆయన తమ్ముడు, షెడ్డు పక్కనే పంక్చర్ల షాపు నడిపే మనిషి. "అన్న పోయినాడు సారూ. మధ్యాన్నం నమాజు సేసుకోని వచ్చి, టీ తాగి కుర్చీలో కూసున్నాడు. అంతే. ఎవురినీ కష్టపెట్టలే. రేప్పొద్దున మట్టి," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ముందు నాకు ఏడుపు రాలేదు. చెప్పుకుంటే బాగుండదు గానీ, ముందు వచ్చింది ఊరట. ఆయనకు చెప్పాల్సిన మాట నెల కిందటే చెప్పేశాను కదా అని గుండె మీద చెయ్యి వేసుకున్నాను. ఆ తర్వాతే కళ్ళు తడిశాయి. ఆ మాటేమిటో, అది నోటిదాకా రావడానికి నాకు నాలుగు నెలలు ఎందుకు పట్టిందో మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మాది మదనపల్లె. ఉద్యోగం కుప్పంలో, పట్టు పరిశ్రమ శాఖలో. సోమవారం పోతే మళ్ళీ వారాంతానికే ఇల్లు, రానూపోనూ పుంగనూరు మీదుగానే. మల్బరీ తోటలుండే కొండ పల్లెలకు తిరగాలంటే జీపు లేనిదే కుదరదని ఇంట్లో నమ్మించాను. నిజానికి మోటార్ సైకిల్ చాలు. జీపు నా పిచ్చి. పాతదొకటి కొని, చక్రాల మీద బండిని మోసే కమాన్ పట్టీలు మార్చి ఎత్తు లేపి, నడుము దాకా వచ్చే టైర్లు తొడిగి, పెద్ద బండి ఇంజను ఎక్కించాను. ముందర నాలుగు లైట్లు. మా ఆవిడ దాన్ని "మీ రెండో సంసారం" అనేది. ఇన్ని మార్చినవాణ్ణి బ్రేకుల జోలికి మాత్రం పోలేదు. జీపు పుట్టిననాటి డ్రమ్ము బ్రేకులే. మొదటిసారి తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోయేది, రెండోసారి తొక్కితే ఆగేది. దాని గుణమే అంత అనుకుని అలవాటు పడిపోయాను.

ఒకరోజు పంక్చర్ వేయించుకోవడానికి తమ్ముడి షాపు ముందు ఆపాను. పక్క షెడ్డులోంచి ఓ పెద్దాయన కళ్ళద్దాలు దారంతో మెడకు కట్టుకుని వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూసి, లైట్ల గురించో టైర్ల గురించో మెచ్చుకుంటాడని నేను ఛాతీ విరుచుకుంటుంటే, "ఎన్నిసార్లు తొక్కినావు సారూ, ఆపేదానికి?" అని అడిగాడు.

"రెండుసార్లు భాయ్. ఈ బండికి అంతే."

"రెండోసారి తొక్కేదానికి రోడ్డు నీకు టైం ఇస్తాదా అప్పా?"

జాకీ వేసి బండిని లేపి, నన్ను కింద పడుకోమన్నాడు. ఇస్త్రీ చొక్కాతో పడుకున్నాను. ముందు చక్రం కిందికి వేలాడుతుంటే బ్రేకు పైపు తీగలా బిగుసుకుపోయి ఉంది. "సూడు. బండిని లేపినావు, పైపు పాతదే. గుంతలో చక్రం దిగినప్పుడల్లా ఇది సాగతాండాది. ఒకనాడు తెగుతాది." తర్వాత చేతులు తుడుచుకుంటూ, "పరిగెత్తేదానికి అందరూ వస్తారప్పా నా దగ్గరికి. నిలబడేదానికి ఎవురూ రారు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ పని ఒప్పుకున్నాను. ముందు చక్రాలకు డ్రమ్ముల బదులు డిస్కు బ్రేకులు, తొక్కుడుకు బలమిచ్చే బూస్టరు, పొడుగు పైపులు. శనివారానికి ఇచ్చేస్తానన్నాడు.

ఆ ఆదివారమే కుప్పం కొండల దగ్గర జీపుల వాళ్ళం కలుస్తున్నాం. నా బండి ఎక్కే గట్టు మీ బండ్లు ఎక్కవని పదిమందికి చెప్పి ఉన్నాను. శనివారం పోయేసరికి జీపు రాళ్ళ మీద ఉంది, ముందు చక్రాలు లేవు. ఒక డిస్కు వంకరగా తిరుగుతోందట, వేరేది రావాలట. "పాతవే బిగించియ్యి భాయ్, సోమవారం తెచ్చిస్తా," అన్నాను. "బిగించను," అన్నాడు. బతిమాలాను, అరిచాను. చివరికి పక్క షెడ్ల వాళ్ళంతా చూస్తుండగా, "నీకు వేరే పని లేక నా బండి పట్టుకుని యాలాడతాండావు. పని రానోడివి ఒప్పుకోకూడదు," అనేశాను. నలభై ఏళ్ళుగా పని చేస్తున్న మనిషిని అన్న మాట అది. ఆయన టీ గ్లాసు మీద మూత పెట్టి మళ్ళీ బండి కిందికి దూరాడు.

బుధవారం సెలవు పెట్టి వెళ్ళాను. బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీసే పని మిగిలి ఉంది. అది ఇద్దరు చేయాల్సిన పని. ఆయన దగ్గర దానికి పనివాళ్ళు కూర్చోకూడదు, బండి సొంతదారే కూర్చోవాలి. "రేపు తొక్కేది నీ కాలే కదప్పా. దానికి తెలియాల," అనేవాడు. మొహం గంటు పెట్టుకునే సీట్లో కూర్చున్నాను. కిందనుంచి గొంతు వినిపించేది: "తొక్కు... అట్లే ఉండు... ఇడువు." మళ్ళీ తొక్కు. నాలుగు చక్రాలకూ గంటన్నర పట్టింది. మొదట్లో మెత్తగా ఉన్న పెడల్ మెల్లమెల్లగా గట్టిపడడం అరికాలికి తెలుస్తూ వచ్చింది. కోపంలో ఉన్నాను కాబట్టి బాగుందని ఒక్క మాట అనలేదు.

చివర నిమ్మకాయ పరీక్ష. కొత్త బండికి అందరూ నిమ్మకాయలు తొక్కిస్తారు, ఈయన దగ్గర అది తిరగబడింది. షెడ్డు పక్క సందు వాలుగా ఉంటుంది. పైనుంచి బండి వదలాలి. కింద ఆయన అడుగులు కొలిచి ఓ నిమ్మకాయ పెడతాడు. దాని వెనక ఒక్క అడుగు దూరంలో తనే చేతులు కట్టుకుని నిలబడతాడు. కాయ నలగకూడదు. నేను వదిలాను, ఆయన చెయ్యి ఊపగానే తొక్కాను. జీపు ముక్కు వంచి ఆగింది. ఆయన వంగి కాయ తీసుకుని, కోసి సోడాలో పిండి అందరికీ పోశాడు. తొక్కతో చేతుల గ్రీజు రుద్దుకున్నాడు. ఎప్పుడు చూసినా ఆయన చేతులు నిమ్మకాయ వాసనే. "ఇది మీ ఆచారమా, మా ఆచారమా భాయ్?" అని ఎవరో అడిగితే, "బ్రేకుల ఆచారమప్పా," అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, సోడా కూడా సగంలో పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత నాలుగు నెలలు ప్రతి వారం ఆ షెడ్డు ముందునుంచే పోయాను. మెడ తిప్పితే ఎక్కడ పలకరించాల్సి వస్తుందోనని రోడ్డునే చూస్తూ పోయేవాణ్ణి. మొదట అది కోపం. తర్వాత తర్వాత సిగ్గు.

నెల కిందట ఓ శుక్రవారం, కుప్పం దగ్గరి కొండ పల్లె నుంచి దిగుతున్నాను. మలుపు తిరిగేసరికి టమోటా ఆటో ఒకటి పక్కకు ఒరిగి ఉంది. రోడ్డంతా పళ్ళు, పళ్ళ మధ్య మనుషులు, గొంతుక్కూర్చుని ఏరుతున్నారు. అందరికన్నా ఇవతల ఓ ముసలమ్మ, వీపు నావైపు. తొక్కాను. జీపు ఆగింది. ముసలమ్మ ఇంకో రెండు పళ్ళు ఏరి ఒళ్ళో వేసుకుని, అప్పుడు తల తిప్పి, చేతికందే దూరంలో ఉన్న నా బంపర్‌ను చూసింది.

"ఏమప్పా, హారన్ కొట్టకూడదా? యాల అట్ల మీదికొస్తాండావు?"

నేను స్టీరింగు పట్టుకుని, బ్రేకు మీది కాలు తీయకుండా అలాగే కూర్చున్నాను. అది చూసి ఆమే లేచి వచ్చింది. "మొగమేంటికప్పా అట్ల పాలిపోయింది? రోంత నీళ్ళు తాగు," అని సీసా అందించింది.

అక్కణ్ణుంచి నేరుగా పుంగనూరు షెడ్డుకే పోయాను. ఆయన ఏదో నట్టు తుడుస్తున్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను. "ఆ పొద్దు పదిమంది ముందర నోరు జారినాను భాయ్. తప్పు నాదే. నువ్వు ఆ పొద్దు బండి ఇచ్చి ఉంటే, నేను దాన్నట్లే తోలుకుంటా ఉంటే, ఈ పొద్దు ఆ ముసలామె..." అని ఆగిపోయాను.

ఆయన నట్టు తుడవడం ఆపాడు. "ఎన్నిసార్లు తొక్కినావు?"

"ఒక్కసారే భాయ్."

"అల్హమ్దులిల్లా, అంతా అల్లా దయ," అని పీట మీద కూలబడ్డాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. "ఆ మాట నేను ఆ పొద్దే మర్సిపోయినా. నువ్వే మోస్తాండావు ఇన్ని దినాలు. దించేయప్పా." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని నవ్వాడు. "అయినా ఆమె అడిగింది న్యాయమే కదా సారూ. బండికి హారన్ ఉండాది కదా, కొట్టాల్సింది." ఆ రోజు ఆయన నిమ్మకాయ పిండి ఇచ్చిన సోడా పూర్తిగా తాగాను.

అదే ఆఖరు చూపు. ఆ పాడు బెట్టుతో ఇంకో నెల గడిపి ఉంటే ఈ రోజు నా గతేమిటని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

శనివారం పొద్దున్నే కుప్పం నుంచి బయలుదేరి పోయాను. మట్టి వేసి వచ్చాక, తమ్ముడు షెడ్డు తలుపు తీసి, "ఉండు సారూ, టీ తెస్తా," అని వెళ్ళాడు. బల్ల మీద గిన్నెలో ఒక నిమ్మకాయ ఉంది, ఇంకా పచ్చగానే. ఎవరి బండి కోసం తెచ్చి పెట్టుకున్నాడో. దాన్ని తీసుకుని సందులోకి పోయి, ఆయన కొలిచినట్టే అడుగులు కొలిచి పెట్టాను. జీపును వాలు పైకి తీసుకుపోయి వదిలాను. ఒక్కసారే తొక్కాను.

దిగి చూశాను. టైరుకూ కాయకూ మధ్య జానెడు. దాని వెనక ఖాళీ సందు, ఎండ. ఈసారి నేనే వంగి కాయ తీసుకున్నాను.