చక్రాల కుర్చీలో జఫర్‌గఢ్ కోటకు

ఆ పొద్దున తాడిచెట్టు మీద ఉన్నాను. నడుముకు మోకు తాడు ఉంది, చెట్టుకు పాదం ఆనించాను. కాని పాదం కింద చెట్టు ఉన్నట్టే తెలియలేదు. వంగి చూస్తే కాలు చెట్టుకే ఉంది. చిన్నప్పటి నుంచి కల్లు గీసేవాణ్ని; నా కాలు ఎక్కడుందో కళ్లతో చూసి తెలుసుకోవడం అదే మొదలు. ఎట్లాగో దిగాను. కాళ్ల తాడు బిగుసుకుని రక్తం ఆడలేదేమో అనుకుని, మర్నాడు కాస్త వదులుగా కట్టుకుని మళ్లీ ఎక్కాను. గీత పనివాళ్లం అందరం అంతే, ఏ నొప్పి వచ్చినా తప్పు తాడు మీద పెడతాం.

అప్పటికే చాలా రోజులుగా నడుము నొప్పి, సాయంత్రమైతే జ్వరం. ఒళ్లు తగ్గితే ఊళ్లోవాళ్లు "సన్నబడ్డవు, మంచిగున్నవ్" అన్నారు. నేనూ మురిసిపోయాను. తర్వాత కొన్నాళ్లకే మంచం మీంచి లేవబోతే మోకాళ్లు మడతపడ్డాయి. నా భార్య భాగ్య, నాతోపాటు చెట్లెక్కే సోమన్న కలిసి నన్ను ఆటోలో పాలకుర్తికి, అక్కణ్నుంచి జనగామకు తీసుకుపోయారు. ఎక్స్‌రే చూసి పెద్ద దవాఖానకు పంపారు. అక్కడ ఎంఆర్‌ఐ, బయాప్సీ.

డాక్టరు ఫిల్ము వెలుతురుకు పట్టి చూపించాడు. "స్పైన్ టీబీ. ఎముక దెబ్బతిని స్పైనల్ కార్డ్ మీద ప్రెషర్ పడుతోంది. ఆపరేషన్ చేయాలి. కాళ్లు ఎంతవరకు వస్తాయో ఇప్పుడే చెప్పలేను."

"టీబీ అంటె దగ్గు గద సారు? ఈయనకు దగ్గే లేకపాయె" అంది భాగ్య.

"ఎముకలకు కూడా వస్తుందమ్మా."

ఆపరేషన్ బాగానే అయింది. కాళ్లు మాత్రం రాలేదు. పడుకుని పడుకుని వీపు కింద బెడ్‌సోర్ లేచింది. అది మానుతుండగా కళ్లు పచ్చబడ్డాయి. "లివర్‌కు మందులు పడట్లేదు" అని కొన్ని ఆపి, మళ్లీ ఒక్కొక్కటే మొదలుపెట్టారు. చూడ్డానికొచ్చిన సోమన్న నా చెవి దగ్గర వంగి, "కామెర్లకు పొద్దుగాల కల్లును మించిన మందు ఏడుంటది యాదన్నా?" అన్నాడు. వెనక నర్సమ్మ విన్నది. "ఇంకోపారి గా మాటంటె నీకు గూడ పక్కపొంటి బెడ్డు ఏపిస్త" అంది. అన్ని రోజుల్లో నేను నవ్వింది అప్పుడే. ఏడ్చిన రోజులు వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక అసలు కష్టం తెలిసింది. భాగ్య నన్ను వదిలి కదిలేది కాదు. పత్తి ఏరబోవడం మానేసింది, చుట్టాల పెళ్లిళ్లు మానేసింది. నేను ముక్కితే లేచేది, దగ్గితే లేచేది. ఆమె వెంట వెంట ఉంటే నాకు విసుగు. పక్కింటి దాకా పోతే గుండె దడ. జబ్బు నాది, కట్టుబడిపోయింది ఇద్దరం. ఇట్లాగే బతుకంతా గడిచిపోతుందా అని భయపడ్డాను.

ఫిజియోథెరపీ సారు ఒకనాడు అడిగాడు: "ఇల్లు, దవాఖాన కాకుండా ఎక్కడికి పోవాలనుంది?"

"జఫర్‌గఢ్ కోట" అన్నాను, మొండిగా. మా చెట్ల మీంచి ఆ కోట గుట్ట రోజూ కనబడేది. చూడ్డమే తప్ప ఒక్కనాడూ పోలేదు. ఆయన నవ్వలేదు. "అయితే ముందు ట్రాన్స్‌ఫర్ నేర్చుకో" అన్నాడు. ట్రాన్స్‌ఫర్ అంటే మంచం మీంచి కుర్చీలోకి ఎవరూ పట్టకుండా చేతుల బలంతో మారడం. చెట్లెక్కిన చేతులు కాబట్టి తొందరగానే వచ్చింది.

చలికాలంలో ఒక ఆదివారం నేను, భాగ్య, సోమన్న ముగ్గురం కోటకు పోయాం. నన్ను ఎవరూ ఎత్తొద్దని ముందే మాట తీసుకున్నాను. గుట్ట మీదికి ఎత్తు మొదలయ్యాక సోమన్న తన మోకును పైనున్న బండకు కట్టాడు. రెండో కొస నేను పట్టుకుని గుంజుకుంటూ కుర్చీతో సహా పైకి జరిగాను. జరిగినప్పుడల్లా అతను చక్రం వెనక రాయి పెట్టాడు. నా అరచేతులు మండిపోయాయి, సంతోషం మాత్రం ఆగలేదు.

"జర నిమ్మలం, పడ్తవ్!" అంటూ భాగ్య రెండు చేతులూ చాచి వెనకే.

"తాడిచెట్టు మీదికెల్లి పడ్తనా ఏంది? పడితె గీ కూసున్న ఎత్తే గద!"

కోట దర్వాజ దగ్గర మెట్లు వచ్చాయి. అక్కడ మోకూ పనిచేయదు. పై నుంచి దిగుతున్న పిల్లగాళ్లు ఆగారు. "కాకా, ఎత్తాల్నా?" అన్నారు. నాకు కోపం రాబోయింది. దవాఖానలో నన్ను అడక్కుండానే బియ్యం బస్తాలా మంచం మార్చిన రోజులు మరిచిపోలేదు. కాని వీళ్లు అడిగారు.

"ఎత్తుర్రి. గని నేను చెప్పిన కాడ్నే పట్టుకోవాలె. చేతులానిచ్చే రాడ్లు పట్టద్దు, ఊడొస్తయి. కింది ఫ్రేము పట్టుండ్రి. ఆగుమంటె ఆగాలె."

ఆగమన్నచోట ఆగారు, నడవమన్నప్పుడు నడిచారు. నా మాట మీద నలుగురు నడిచి ఎన్నాళ్లయిందో!

పైన గాలి కొడుతోంది. గోడ పక్కన చదును బండ మీద కుర్చీ దించి వాళ్లు వెళ్లిపోయారు. సోమన్న మోకు విప్పి తేవడానికి కిందికి దిగాడు. భాగ్య నా భుజం మీద చెయ్యి వేసే నిలబడింది, చూపు మాత్రం గోడ మలుపు వైపుంది. ఆమె కూడా ఈ కోట ఎన్నడూ చూడలేదని అప్పుడు తోచింది నాకు. రెండు చక్రాలకూ బ్రేక్ వేశాను.

"నువ్వు పొయ్యి సూసి రా."

"నిన్నిడిసిపెట్టా?"

"నేనేడికి ఉరుకుత?"

నవ్వింది. నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తూ పోయి, మలుపు తిరిగింది. గుండె దడ వస్తుందని కాచుకుని కూర్చున్నాను. రాలేదు. ఆకలి మాత్రం వేసింది. ఒళ్లో ఉన్న మక్కగారెల డబ్బా తీసి తినసాగాను.

ఆమె చాలాసేపటికి వచ్చింది. జుట్టు చెదిరి ఉంది, ముఖం ఎర్రబడింది. "ఆడ బండల్ల నీళ్ల గుండమున్నది, ఎంత సల్లగున్నయో నీళ్లు! అవతల దిక్కు గోడ ఎంత మందమున్నదో, దాని మీద బండి తోలొచ్చు!" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. జబ్బు చేసిన నాటి నుంచి నా దగ్గరికొచ్చి "ఎట్లున్నది నీకు?" అనకుండా ఆమె వేరే మాట ఎత్తడం అదే మొదటిసారి.

మందుల కోర్సు అయిపోయింది. కాళ్లకు ఊతంగా కాలిపర్స్ కట్టుకుని కడ్డీలు పట్టుకుంటే కొన్ని అడుగులు పడుతున్నాయి, మిగతాదంతా కుర్చీయే. సోమన్న దించిన కల్లును నేను మండువలో, అంటే కల్లు దుకాణంలో, కూర్చుని అమ్ముతాను. భాగ్య మళ్లీ పత్తి చేన్లకు పోతోంది.

నాలాంటి వాళ్లకు చెప్పేది ఒక్కటే. కుర్చీ బ్రేక్ మీ చేత్తో మీరే వేసుకోవడం నేర్చుకోండి. వేసుకున్నాక, మీ వెంట ఉండే మనిషిని కాసేపు ఎటైనా పంపించండి.